ప్రార్థన ఎండిపోయినప్పుడు రిట్రీట్‌కు వెళ్తే ప్రయోజనం ఉంటుందా?

హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న ఒక సోదరి అడిగిన ప్రశ్న ఇది. క్రైస్తవ కుటుంబంలో పుట్టారు, చిన్న వయసులోనే బాప్తిస్మం తీసుకున్నారు, సంఘంలో క్వయర్‌లో పాడతారు, ఆదివారం ఆరాధన మానరు. అయినా రెండేళ్లుగా ప్రార్థన పెదవుల మీదే ఆగిపోతోందని, గోడతో మాట్లాడినట్టుందని రాశారు. ఇల్లు వదిలి మౌనంగా ప్రార్థనలో గడిపే మూడు రోజుల నిశ్శబ్ద రిట్రీట్‌కు స్నేహితురాలు రమ్మంటోందట. అది కతోలికుల పద్ధతి కదా అని అత్తగారి సందేహం. ఇంట్లో రాని ప్రార్థన అక్కడికి వెళ్తే మాత్రం వస్తుందా అని ఈమె సందేహం.

వెళ్లండి అమ్మా. రుచి లేకపోయినా రెండేళ్లుగా మానకుండా మోకరిస్తున్నారంటే మీ విశ్వాసం చచ్చిపోలేదు, అలసిపోయింది. అలసిన విశ్వాసం మీద ఇంకో కార్యక్రమం మోపితే ఇంకా అలసిపోతుంది. రిట్రీట్ అనే పేరుతో మన సంఘాల్లో జరిగేవాటిలో చాలావరకు అలాంటి కార్యక్రమాలే కాబట్టి, ఎలాంటి చోటికి వెళ్లాలో, అక్కడ ఏం ఆశించాలో కాస్త వివరంగా రాస్తాను. నేను దక్షిణ ఇండియా సంఘంలో పుట్టి పెరిగాను. నిశ్శబ్ద ధ్యానాలకు వచ్చేవారి పక్కన కూర్చుని వాళ్లు చెప్పేది వినడం చాలా ఏళ్లుగా నా పరిచర్య.

ముందు మీ సందేహం చూద్దాం. ఇంట్లో మీరు కోడలు, భార్య, తల్లి. ఆఫీసులో ఫలానా పని చేసే మనిషి. వీటి మధ్య ప్రార్థనకు కూర్చున్నా చెవి ఒకటి వంటగది వైపే ఉంటుంది. గుడిలో అయినా తీరిక ఉంటుందని నేననుకోను. క్వయర్‌లో ఉన్నవాళ్లకు ఆరాధన సాగుతున్నంతసేపూ తర్వాతి కీర్తన ఏది, శ్రుతి సరిపోయిందా, మైకు పనిచేస్తోందా అన్న ఆలోచనే. సంఘంలో ఎక్కువ పనిచేసేవాళ్లే ముందుగా ఎండిపోవడం నేను చాలాసార్లు చూశాను. సండే స్కూలు టీచర్లు, స్త్రీల సమాజం కార్యదర్శులు, పాస్టర్లు, పాస్టరమ్మలు. వీళ్లు దేవుని గురించి రోజంతా మాట్లాడతారు, దేవునితో మాట్లాడటానికి వచ్చేసరికి రాత్రి పదకొండు దాటుతుంది.

ఏకాంతానికి వెళ్లడం అంటే ఈ పాత్రలన్నీ కొద్ది రోజులు పక్కన పెట్టడం. అక్కడ మిమ్మల్ని ఎవరూ ఏమీ అడగరు. పాడమనరు, ప్రార్థన నడిపించమనరు, సాక్ష్యం చెప్పమనరు. మొదట అది చాలా ఇబ్బందిగా ఉంటుంది. పని లేకుండా దేవుని ముందు కూర్చోవడం మనకు ఎవరూ నేర్పలేదు. దేవుడు మనల్ని ప్రేమిస్తాడని పాడతాం గానీ, ఆయన కోసం ఏదో ఒకటి చేస్తున్నప్పుడే ఆయన ముఖం మన వైపు ఉంటుందని లోలోపల నమ్ముతాం. ఆ నమ్మకం తప్పని ఎన్ని ప్రసంగాలు విన్నా తలకెక్కదు. మూడు రోజులు ఏ పనీ చేయకుండా ఆయన ముందు కూర్చుంటే కొంతైనా తెలుస్తుంది.

మార్కు సువార్త ఆరో అధ్యాయం ఒకసారి తీసి చూడండి. ప్రభువు ఇద్దరిద్దరిగా పంపిన శిష్యులు తిరిగి వచ్చి, చేసినవన్నీ, బోధించినవన్నీ ఉత్సాహంగా చెబుతున్నారు. ఆయన వాళ్లకు ఇంకో పని అప్పగించలేదు. ఏకాంతంగా అరణ్య ప్రదేశానికి రండి, కొంచెంసేపు అలసట తీర్చుకోండి అన్నాడు. వచ్చేవాళ్లతో పోయేవాళ్లతో వాళ్లకు భోజనం చేయడానికి కూడా తీరిక లేకపోయిందని సువార్తికుడు ప్రత్యేకంగా రాశాడు. తర్వాత జరిగింది కూడా గమనించండి. వాళ్లు దోనె ఎక్కి వెళ్లేలోపే జనం కాలినడకన ముందుగా అక్కడికి చేరుకున్నారు. ఆ ఏకాంతం చెడిపోయింది. ప్రభువు వాళ్లను కసురుకోలేదు, బోధించాడు, ఐదు వేల మందికి ఆహారం పెట్టాడు. కానీ ఆ సాయంత్రమే జనాన్ని పంపివేసి, ప్రార్థించడానికి ఒంటరిగా కొండకు వెళ్లాడు. ఉదయం పోయిన ఏకాంతాన్ని రాత్రికి సంపాదించుకున్నాడు. ఆయనకే అది అవసరమైతే మనకు అక్కరలేదని ఎలా అనగలం?

మీ అత్తగారి సందేహాన్ని తేలిగ్గా తీసుకోకండి, ఆవిడ అడిగింది న్యాయమైన ప్రశ్న. ఇప్పుడు చాలాచోట్ల నడిచే నిశ్శబ్ద రిట్రీట్ పద్ధతి కతోలికుల జెస్యూట్ సభ స్థాపకుడు ఇగ్నేషియస్ లొయోలా నుంచి వచ్చిందే. 1521లో స్పెయిన్‌లోని పాంప్లోనా కోట దగ్గర యుద్ధంలో ఫిరంగి గుండు తగిలి ఆయన కాలు విరిగింది. మంచాన ఉండగా చదివిన క్రీస్తు జీవిత చరిత్ర, పరిశుద్ధుల కథలు ఆయన్ను మార్చాయి. మరుసటి ఏడాది మన్రేసా అనే ఊళ్లో నెలల తరబడి ప్రార్థనలో గడిపాడు. అక్కడ ఆయనకు గొప్ప ఆనందమూ కలిగింది, తన పాపాలు క్షమించబడలేదేమో అన్న భయంతో ప్రాణం మీదికి తెచ్చుకునేంత చీకటీ కలిగింది. ఆ అనుభవం నుంచి రాసుకున్న ఆధ్యాత్మిక సాధనల క్రమాన్ని 1548లో మూడో పాల్ పోపు ఆమోదించాడు. పూర్తిగా చేస్తే సుమారు ముప్పై రోజులు పడుతుంది. ఎనిమిది రోజులవి, మూడు రోజులవి దాన్ని కుదించినవే.

అయితే ఆ సాధనల్లో ప్రధానంగా ఉండేవి సువార్త ఘట్టాలే. క్రీస్తు జననం, పరిచర్య, శ్రమలు, పునరుత్థానం. ఒక ఘట్టాన్ని తీసుకుని, ఆ చోట మనమూ ఉన్నట్టు నిలబడి, చూసి, విని, చివర ప్రభువుతో స్నేహితునితో మాట్లాడినట్టు మాట్లాడటం. ఇందులో లూథరన్లకు గానీ బాప్టిస్టులకు గానీ అభ్యంతరం ఉండవలసింది నాకైతే కనబడదు. కతోలిక కేంద్రంలో పూజ (మాస్), జపమాల, దివ్యసత్ప్రసాద ఆరాధన (ప్రతిష్ఠించిన రొట్టె ముందు చేసే ఆరాధన) వంటివి కార్యక్రమంలో ఉంటాయి. మీకు మనస్సాక్షి ఒప్పుకోని చోట కూర్చోనవసరం లేదని ముందే చెప్పుకోవచ్చు. నాకు తెలిసిన ఫాదర్లు, సిస్టర్లు ఈ విషయంలో ఎంతో మర్యాదగా ఉంటారు.

ఇది ఒక్క కతోలికుల సొత్తు కూడా కాదు. అమెరికన్ మెథడిస్టు మిషనరీ ఈ. స్టాన్లీ జోన్స్ 1930లో ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని కుమావూ కొండల్లో సాత్‌తాల్ దగ్గర క్రైస్తవ ఆశ్రమం ప్రారంభించారు. అంతకుముందే 1921లో తమిళనాడులోని తిరుపత్తూరులో జేసుదాసన్, ఫారెస్టర్ పేటన్ అనే ఇద్దరు వైద్యులు క్రీస్తుకుల ఆశ్రమం స్థాపించారు. సాత్‌తాల్‌లో వచ్చినవాళ్లందరినీ మొదటే మూడు ప్రశ్నలు అడిగేవారు. ఎందుకు వచ్చావు? నీకేం కావాలి? నీకు నిజంగా అవసరమైనది ఏది? రెండో ప్రశ్నకూ మూడో ప్రశ్నకూ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. అక్కడ వారంలో ఒక రోజు పనివాళ్లకు సెలవిచ్చి, మరుగుదొడ్లు శుభ్రం చేసే పనితో సహా అన్నీ ఆశ్రమవాసులే చేసేవారు. కులం పట్టింపు గుడిలోకి కూడా తెచ్చుకున్న మనకు ఆ ఒక్క పూట చీపురు పట్టడం ఎన్నో ప్రసంగాల కంటే ఎక్కువ నేర్పుతుందని నా నమ్మకం.

జర్మనీలో లూథరన్ పాస్టరు డీట్రిచ్ బాన్‌హోఫర్ 1935లో ఫింకెన్‌వాల్డే అనే చోట పాస్టర్లుగా శిక్షణ పొందేవాళ్లకు రోజూ అరగంట మౌన ధ్యానం పెట్టారు. వారమంతా ఒకే చిన్న వాక్యభాగం. దాన్ని ప్రసంగం తయారీకి వాడకూడదు. ఆ కుర్రాళ్లకు అది చాలా కష్టమైంది, ఫిర్యాదులూ చేశారు. ఆయన మానలేదు. హిట్లర్ ప్రభుత్వం 1937లో ఆ విద్యాలయాన్ని మూయించింది. అటువంటి కాలంలో, పని అంతగా మీద పడుతున్నప్పుడు, అరగంట ఊరకే కూర్చోమన్నారాయన.

మన తెలుగు నేల మీద ముంగమూరి దేవదాసు అయ్యగారి మాట చెప్పకుండా ఉండలేను. 1938లో బైబిలు మిషను ప్రారంభించిన ఆయన విశ్వాసులకు దైవసన్నిధిలో కనిపెట్టడం నేర్పారు. మాటలు ఆపి, ఆలోచనలు ఆయనకు అప్పగించి, దేవుడు మాట్లాడేవరకు ఎదురుచూడటం. మీ అత్తగారికి ఈ మాట చెప్పండి, ఆవిడకు తెలిసే ఉంటుంది. హైదరాబాద్‌లోని హెబ్రోనులో సువార్తికుడు భక్త్ సింగ్ గారి కాలం నుంచి జరుగుతున్న వార్షిక కూటాలకు ఊళ్లకు ఊళ్లు తరలి వచ్చి, రోజుల తరబడి కలిసి ఉండి, కలిసి తిని, ప్రార్థించేవారు. ఇల్లు వదిలి దేవుని కోసం కొన్ని రోజులు కేటాయించడం మన పెద్దలకు అలవాటే.

కానీ కూటం వేరు, ఉజ్జీవ సభ వేరు, నిశ్శబ్ద రిట్రీట్ వేరు. ఉజ్జీవ సభల్లో నేను పెరిగాను, వాటి మేలు అనుభవించాను. అక్కడ వాక్యం మన మీద వర్షంలా కురుస్తుంది, పాటలు గుండెను కదిలిస్తాయి, పక్కన వేలమంది ఉన్నారన్న ధైర్యం వస్తుంది. నిశ్శబ్ద రిట్రీట్‌లో అవేమీ ఉండవు. రోజుకు ఒకటి రెండు చిన్న ధ్యాన ప్రసంగాలు, కొన్ని వచనాలు రాసిన ఒక కాగితం, మిగిలిన సమయమంతా మీరూ దేవుడూ. రోజులో ఒకసారి అరగంటో ముప్పావుగంటో మార్గదర్శి దగ్గర కూర్చుని జరిగింది చెప్పుకుంటారు. ఎండిపోయినవాళ్లకు ఇంకా ఎక్కువ మాటలు అవసరం లేదు. విన్నవే లోపల ఇంకడానికి చోటు కావాలి.

అమెరికాలో తెలుగు సంఘాలవాళ్లు పొడవైన వారాంతపు సెలవుల్లో కుటుంబాలతో ఏదో ఒక క్యాంపు స్థలానికి వెళ్లి, దాన్ని రిట్రీట్ అంటారు. పిల్లలకు ఆటలు, పెద్దలకు ప్రసంగాలు, రాత్రి మంట చుట్టూ పాటలు. పరాయి దేశంలో ఒంటరితనం పోగొట్టే మంచి పని అది. మీకు కావలసింది మాత్రం అది కాదు.

ఇప్పుడు మూడు రోజుల్లో సాధారణంగా ఏం జరుగుతుందో చెబుతాను. మొదటి రోజు నిద్ర. సిగ్గుపడకండి. ఏలీయా కథలో దేవుడు చేసిన మొదటి పని అదే. బదరీ చెట్టు కింద చావును కోరుకుంటూ పడుకున్న ప్రవక్తను దూత లేపి రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు. ఆయన తిని మళ్లీ పడుకున్నాడు. దూత రెండోసారి లేపి మళ్లీ తినిపించాడు. అప్పటికి ఉపదేశం ఒక్కటీ లేదు. నిజంగా దేవుని మాట వినబడటానికి ముందు చాలామందికి ఒంటి నిండా నిద్ర, వేళకు అన్నం కావాలి. మొదటి సాయంత్రం ధ్యాన మందిరంలో కునికిపాట్లు పడే వాళ్లను చూసి నేను సంతోషిస్తాను.

రెండో రోజు కష్టమైన రోజు. నా దృష్టిలో రిట్రీట్ విలువంతా ఈ రోజులోనే ఉంది, అందుకే దీని గురించి ఎక్కువ రాస్తున్నాను. నిద్ర తీరింది, ఫోను లేదు, మాట్లాడేవాళ్లు లేరు. మధ్యాహ్నానికి కాలు నిలవదు. ఇక్కడికి ఎందుకొచ్చాను, ఇంట్లో పిల్లవాడు ఎలా ఉన్నాడో, ఈ మార్గదర్శికి ఏమీ తెలియదు, అన్నంలో ఉప్పు ఎక్కువైంది, పక్కనున్నావిడ చెప్పులు ఈడుస్తూ నడుస్తోంది. ఇలా ప్రతిదాని మీదా చిరాకు. బట్టలు సర్దుకుని వెళ్లిపోదామనిపిస్తుంది. కొందరు నిజంగానే వెళ్లిపోతారు. ఆ చిరాకు అడుగున దాదాపు ఎప్పుడూ ఇంకేదో ఉంటుంది. కోపమో, దుఃఖమో, సిగ్గో, దేవుని మీద ఫిర్యాదో. ఏళ్ల తరబడి పనులతో, పాటలతో కప్పిపెట్టినది. అది పైకి రావడానికి ముందు చిరాకు రూపంలో వస్తుంది.

ఒక పాస్టరు గారి సంగతి చెబుతాను. ఆయన్ను గుర్తుపట్టే వీలు లేకుండా వివరాలు మార్చాను. మొదటి రోజు ఆయనకు బర్తిమయి ఘట్టం ఇచ్చాను. ఆ గుడ్డివాణ్ని ప్రభువు అడిగిన ప్రశ్న ఒక్కటే తీసుకుని కూర్చోమన్నాను: "నేను నీకేమి చేయగోరుచున్నావు?" సాయంత్రం ఆయన నోటు పుస్తకంతో వచ్చారు. రెండు పేజీలు నిండి ఉన్నాయి. మూడు శీర్షికలు, ప్రతి శీర్షిక కింద ఉపశీర్షికలు, చివర పిలుపు. వచ్చే ఆదివారానికి చక్కని ప్రసంగం అది. ఆయనకు మాత్రం అందులో ఏమీ లేదు. పుస్తకం నా దగ్గర ఉంచి వెళ్లమని, అదే వచనంతో మళ్లీ కూర్చోమని చెప్పాను. ఆయన మొహం మాడ్చుకునే వెళ్లారు.

మరునాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక పంపు దగ్గర పళ్లేలు కడుగుతున్నాం. అక్కడ ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కోవాలి, మాటలు ఉండవు. ఆయన స్టీలు పళ్లేన్ని పీచుతో తోమిందే తోముతూ నిలబడిపోయారు. వెనక ఇద్దరు వేచి ఉన్నారు. పంపు కట్టేసి, పళ్లెం అక్కడే పెట్టి, చేతులు తుడుచుకోకుండానే నా దగ్గరికి వచ్చారు. నాలుగేళ్ల కిందట ఆయన తండ్రి చనిపోయారు. భూస్థాపన ఆరాధన ఆయనే నడిపించారు, కుటుంబాన్ని ఆయనే ఓదార్చారు, మూడో నాడు ఆదివారం ప్రసంగం చేశారు. ఆయన్ను ఎవరూ ఓదార్చలేదు, ఆయన ఎవరి ముందూ ఏడవలేదు. "నాకేం కావాలో అడిగినవాళ్లు లేరండీ" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చారు. నేను వాక్యం చెప్పలేదు, ప్రార్థన కూడా చేయలేదు. అడగవలసినవాడు అప్పటికే అడిగాడు.

దీన్నే నేను విశ్వాసం పునరుద్ధరణ అంటాను. కొత్త అనుభూతి రావడం అందులో చిన్న భాగం, కొన్నిసార్లు ఆ భాగమే ఉండదు. మనం దాచిపెట్టిన మన నిజమైన స్థితిలో దేవుడు మనల్ని కలుసుకోవడం అసలు సంగతి. కీర్తనకారులు ఎంత ధైర్యంగా దేవునితో దెబ్బలాడారో చూడండి. ఎంతకాలం ప్రభువా అని అడిగారు, నన్ను మరచిపోయావా అని నిలదీశారు. మన కుటుంబ ప్రార్థనల్లో అలాంటి మాట ఒక్కటి వినబడుతుందా? ఇస్సాకు తన తండ్రి కాలంలో తవ్విన బావులను ఫిలిష్తీయులు మట్టితో పూడ్చేస్తే మళ్లీ తవ్వించాడని ఆదికాండంలో ఉంది. బావి కొత్తది కాదు, నీళ్లు అడుగున ఉన్నాయి. మీ ప్రార్థన విషయంలోనూ నేను అనుకునేది అదే. పూడిక తీయాలి. పూడిక తీసేటప్పుడు మొదట పైకి వచ్చేది బురదే కాబట్టి రెండో రోజు చూసి భయపడకండి.

ఈ సంగతి ఇగ్నేషియస్‌కు బాగా తెలుసు. ప్రార్థన ఎండిపోయి గంట గడవడం కష్టమైనప్పుడు, గంట నిండకముందే లేవవద్దు, నిండిన తర్వాత ఇంకొంచెంసేపు కూర్చో అని ఆయన సలహా. చీకటిగా ఉన్నప్పుడు అంతకుముందు వెలుగులో తీసుకున్న నిర్ణయాలు మార్చుకోవద్దన్నది ఇంకో సలహా. మీరు రాసిన ఉత్తరంలో క్వయర్ మానేద్దామనుకుంటున్నానని చివర ఒక్క వాక్యం ఉంది. ఇప్పుడు మానకండి. రిట్రీట్ అయ్యాక, మనసు నిమ్మళించాక కూడా అదే అనిపిస్తే అప్పుడు చూద్దాం.

మూడో రోజు గురించి చెప్పవలసింది తక్కువ. కొందరికి గొప్ప నెమ్మది కలుగుతుంది. కొందరికి ఒక వచనం మనసులో నాటుకుపోతుంది. కొందరికి ఏమీ జరగదు, ఇంటికి వెళ్లిన రెండు వారాలకు కూరగాయలు తరుగుతుంటేనో బస్సులోనో జరుగుతుంది. హోరేబు కొండ మీద దేవుడు గాలిలో లేడు, భూకంపంలో లేడు, అగ్నిలో లేడు, మిక్కిలి నిమ్మళమైన స్వరంలో మాట్లాడాడు. ఆ స్వరం ఏలీయాకు చెప్పినవి కూడా పనికి సంబంధించిన మాటలే. వెళ్లు, వీళ్లను అభిషేకించు, నీకు మారుగా ప్రవక్తగా ఎలీషాను అభిషేకించు, నువ్వొక్కడివే మిగిలావనుకోకు, ఇంకా ఏడు వేల మంది ఉన్నారు. ఒంటరిగా కొండెక్కినవాడికి తోటి మనుషులను ఇచ్చి కిందికి పంపాడు. రిట్రీట్ నుంచి వచ్చినవాళ్లు సంఘం కంటే తాము ఎత్తులో ఉన్నామనుకుంటే, ఎక్కడో ఏదో తేడా జరిగిందని అర్థం.

ఎక్కడికి వెళ్లాలన్నది మీ స్నేహితురాలు చెప్పిన చోటే అయితే ఫోను చేసి కొన్ని సంగతులు అడగండి. నిశ్శబ్దం ఎంతసేపు పాటిస్తారు? రోజుకు ఎన్ని ప్రసంగాలు? మార్గదర్శితో విడిగా మాట్లాడే వీలుందా, ఆ మార్గదర్శి ఎవరు, స్త్రీలకు స్త్రీలే ఉంటారా? ఖర్చెంత? రోజుకు ఆరు ప్రసంగాలంటే అది బైబిలు తరగతి, దాన్ని వేరే సందర్భానికి ఉంచుకోండి. కేరళలోని మురింగూరులో ఉన్నటువంటి పెద్ద ధ్యాన కేంద్రాలకు మనవాళ్లు చాలామంది వెళ్తారు. అక్కడ వారమంతా ప్రసంగాలు, స్తుతి, ఒప్పుకోలు, స్వస్థత ప్రార్థనలు జనసమూహంతో సాగుతాయి. తాగుడు వంటి వాటిలో చిక్కుకున్నవాళ్లకు అలాంటి గట్టి పిలుపు మేలు చేయవచ్చు. మీ విషయం వేరు.

కొన్ని చోట్లకు అసలు వెళ్లకండి. మందులు మానేయమనే చోటు, నగలు ఇచ్చేయమనే చోటు, మీ మీద ఎవరో చేతబడి చేశారని చెప్పే చోటు, ఒప్పుకోలు పేరుతో మీ సంగతులు నలుగురిలో చెప్పించే చోటు, మీ కుటుంబంతో మాట్లాడవద్దనే చోటు. చివరి రోజు ఉద్వేగంలో ఉద్యోగం మానేస్తానని, ఇంత కానుక ఇస్తానని, ఇన్ని నెలలు ఉపవాసం ఉంటానని మొక్కుబడి చేయించే వాళ్లను కూడా నమ్మకండి. మంచి మార్గదర్శి అలాంటి వేడిలో ఉన్నవాళ్లను ఆపుతాడు. తొందరపడి మొక్కుకోనివ్వవద్దని ఇగ్నేషియస్ మార్గదర్శులకు స్పష్టంగా రాశాడు. సృష్టికర్తకూ మనిషికీ మధ్య మార్గదర్శి అడ్డు నిలవకూడదని కూడా రాశాడు.

ఇంకో మాట జాగ్రత్తగా చెప్పాలి. ఎండిపోయింది ప్రార్థన ఒక్కటేనా, లేక నిద్ర, ఆకలి, పిల్లల ముద్దుముచ్చట్లు, పాట మీద ఇష్టం, అన్నీనా? అన్నిటిలోనూ రుచి పోయి వారాలు గడుస్తుంటే, చచ్చిపోవాలన్న తలంపు వస్తుంటే, ముందు వైద్యుల దగ్గరికి వెళ్లండి. డిప్రెషన్ విశ్వాస లోపం కాదు. లోతైన డిప్రెషన్‌లో ఉన్నవాళ్లను రోజుల తరబడి మౌనంలో కూర్చోబెట్టడం ప్రమాదం కూడా. అలాగే ఇంట్లో కొట్టడం, తిట్టడం ఉంటే, సహించు, క్షమించు అని చెప్పి తిరిగి పంపే రిట్రీట్ దేవుని పేరు చెడగొడుతుంది. అక్కడ కావలసింది రక్షణ.

మూడు రోజులు దొరకనివాళ్లు మీ సంఘంలోనే ఎంతోమంది ఉంటారు. చంటిపిల్లల తల్లులు, మంచాన పడ్డవాళ్లను చూసుకునేవాళ్లు, సెలవు పెడితే కూలి పోయేవాళ్లు. పని వదిలి రాలేనివాళ్లు రోజువారీ జీవితంలోనే గంటో గంటన్నరో కేటాయించి, నెలల మీద ఈ సాధనలు చేసే పద్ధతిని ఇగ్నేషియసే ఇచ్చాడు. అంత కూడా కుదరకపోతే వారంలో ఒక రోజు ఖాళీగా ఉన్న గుడి తాళం తీయించుకుని, ఒక వచనంతో అరగంట కూర్చున్నా అది రిట్రీటే. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లలో చాలామందికి శుక్రవారమే సెలవు, ఆ రోజే ఆరాధన. గదికి ఆరుగురు ఉండే క్యాంపులో ఏకాంతం ఎక్కడ దొరుకుతుంది? ఆరాధన అయ్యాక ఆ హాల్లోనే ఇంకో గంట ఉండిపోయి, పాటలు లేకుండా, ప్రసంగం లేకుండా, కొందరు కలిసి మౌనంగా కూర్చోవచ్చు. సంఘ పెద్దలు ఇలాంటి ఏర్పాటు చేస్తే దాని వల్ల కలిగే మేలు ఖరీదైన సభల కంటే తక్కువేమీ కాదు.

మీ ప్రయాణానికి వద్దాం. ఒక బైబిలు, ఒక నోటు పుస్తకం, దుప్పటి, నడవడానికి వీలైన చెప్పులు చాలు. ఆధ్యాత్మిక పుస్తకాలు మూట కట్టుకుని వెళ్లకండి, వాటి వెనక దాక్కుంటారు. ఇంట్లో ఏదైనా అత్యవసరమైతే చేయడానికి ఆ కేంద్రం నంబరు మీవారికి ఇచ్చి, మీ ఫోను వాళ్లు తీసుకుంటే సంతోషంగా ఇచ్చేయండి, తీసుకోకపోతే మీరే అడిగి ఇవ్వండి. సాత్‌తాల్ ప్రశ్నలు మూడూ వెళ్లేముందే ఒక కాగితం మీద రాసుకోండి. రెండో రోజు మధ్యాహ్నం మళ్లీ తీసి, అప్పుడు కూడా జవాబు రాయండి.

తిరిగి వచ్చాక పెద్ద తీర్మానాలు వద్దు. రోజుకు రెండు గంటల ప్రార్థన అని మొదలుపెట్టినవాళ్లు పది రోజుల్లో మానేసి, అంతకుముందు కంటే ఎక్కువ దిగులుపడటం చూశాను. పదిహేను నిమిషాలు పెట్టుకోండి, ఒకే చోట, ఒకే వేళకు. అందులో కొంత భాగం మాటలు లేకుండా. నెలకు ఒకసారి ఎవరితోనైనా, ఆ మార్గదర్శితోనో నమ్మకమైన పెద్దావిడతోనో, మీ ప్రార్థన ఎలా ఉందో మాట్లాడే ఏర్పాటు చేసుకోండి. ఇది లేకపోతే రిట్రీట్‌లో తీసిన పూడిక నెమ్మదిగా మళ్లీ చేరుతుంది.

రూపాంతర కొండ మీద పేతురు మూడు పర్ణశాలలు కడదామన్నాడు. మరునాడు కొండ దిగగానే ఎదురైంది మూర్ఛపోతున్న కొడుకును తెచ్చిన తండ్రి, ఏమీ చేయలేక నిలబడ్డ శిష్యులు, గుంపు, గొడవ. మీకూ ఇంటికి చేరిన సాయంత్రమే సింకులో గిన్నెలు, పిల్లవాడి జలుబు, ఆఫీసు మెయిళ్లు ఎదురవుతాయి. ఒక్కసారిగా అందులో పడితే చిరాకుపడి, అంతా పోయిందనుకుంటారు. శుక్రవారం నుంచి ఆదివారం వరకు రిట్రీట్ అయితే సెలవు సోమవారానికి కూడా కలిపి పెట్టండి, ఆ సంగతి మీవారికి ముందే చెప్పండి.